గండికోట డేరా నుంచి పురపాలక సభ దాకా

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో గండికోటకు వచ్చాడు. కోటను జయించిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లా అప్పుడు డేరాలో ఉండి వ్యవహారాలు చూస్తున్నాడు. కాలివేళ్ల సందుల్లో, ఎడమచేతి వేళ్ల మధ్య ఉత్తరాలు పెట్టుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు రాయించేవాడనీ, నేరస్థులకు అక్కడే శిక్షలు విధించేవాడనీ టావెర్నియే రాశాడు. పని చురుకుగానే సాగింది. కాని ఆ నిర్ణయాలను ప్రశ్నించే సభ లేదు.

పురపాలక సమావేశ నియమాలను ఈ దృష్టితో చదవండి. ముందస్తు నోటీసు, ఎజెండా ఉంటే సభ్యుడికి తెలియకుండా తీర్మానం జరగదు. కోరం నియమం వల్ల నలుగురైదుగురే ఊరంతటి తరఫున తీర్పు చెప్పలేరు. మినిట్స్ ఉంటే తరువాతివారు లెక్క అడగగలరు.

1882లో రిప్పన్ తీర్మానం స్థానిక సంస్థల్లో అనధికార సభ్యులకు ఆధిక్యం ఉండాలని చెప్పింది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ అయిదేళ్ల కాలపరిమితిని, మహిళలకు కనీసం మూడోవంతు స్థానాలను ఖాయం చేసింది. గడువు ముగియకముందే ఎన్నికలు పూర్తి కావాలన్నది. 12వ షెడ్యూలులో 18 అంశాలు చేర్చింది. అయితే వాటిపై అధికారాలు ఇవ్వవలసింది రాష్ట్ర శాసనసభే.

ఆచరణ గమనించండి. కడపతో సహా ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల గడువు 2019లో ముగిసింది. ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. ఆ మధ్యకాలంలో ప్రత్యేకాధికారులే పాలించారు. సభ లేనప్పుడు సభా నియమాలు ఎవరిని కట్టడి చేస్తాయి?

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కోరం నియమం ఎందుకు అవసరం? మీ ఊరి ఉదాహరణతో అయిదు వాక్యాల్లో రాయండి.