ప్రోగ్రామును ముగించే కోడుకు పరీక్ష: పుట్టుపూర్వోత్తరాలు

నడుస్తున్న ప్రోగ్రామును ఉన్నచోటనే ముగించే 'ఎగ్జిట్' ఆదేశం తనను పిలిచిన చోటికి తిరిగి రాదు కనుక, యూనిట్ టెస్టింగుకు, అంటే ప్రోగ్రాములోని ఒక్కొక్క చిన్న భాగాన్ని విడిగా నడిపి ఫలితాన్ని సరిచూసే పద్ధతికి, అది మొదటి నుంచీ కొరుకుడు పడని విషయమే. పరీక్షించే కోడూ పరీక్షకు లోనయ్యే కోడూ ఒకే ప్రాసెస్‌లో, అంటే నడుస్తున్న ఒకే ప్రోగ్రాములో, ఉన్నప్పుడు ఆ ఆదేశం రెండింటినీ ముగిస్తుంది, మిగిలిన పరీక్షలు నడవకుండానే ఆగిపోతాయి. ఎగ్జిట్ తనతో పంపే ముగింపు సంకేతం 0 అయితే మరీ ప్రమాదం. 0 అంటే సాఫల్యమని అర్థం కనుక, పరీక్షలన్నీ నెగ్గాయని పైనున్న వ్యవస్థ పొరబడవచ్చు.

విచిత్రమేమంటే, ఈ చిక్కుకు విరుగుడు ముందే పుట్టింది. 1971 నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తొలి మాన్యువల్‌లోనే ఫోర్క్, వెయిట్, ఎగ్జిట్ మూడూ ఉన్నాయి: ఫోర్క్ నకలుగా ఒక పిల్ల ప్రాసెస్‌ను సృష్టిస్తుంది, ఎగ్జిట్ దానిని ముగిస్తుంది, వెయిట్ ఆ ముగింపు వరకు తల్లి ప్రాసెస్‌ను నిలిపి ఉంచుతుంది. పిల్ల ముగిసినా తల్లి నిలుస్తుంది. నేటి యూనిక్స్‌లో ముగింపు సంకేతం కూడా దాని చేతికందుతుంది.

యూనిట్ టెస్టింగ్ జనంలోకి వచ్చిన దారి మాత్రం వేరు. కెంట్ బెక్ స్మాల్‌టాక్ భాషకు రూపొందించిన ఎస్‌యూనిట్ ఒరవడిలో, ఆయనా ఎరిక్ గామా 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటాకు విమానంలో వెళుతూ జావా భాష కోసం మొదలుపెట్టిన జేయూనిట్, పరీక్షలను ఒకే ప్రాసెస్‌లో వరుసగా నడిపింది. వేగానికి అది మేలే కాని, ఎగ్జిట్‌కు అడ్డుకట్ట లేకపోయింది. అప్పుడు జావా ప్రోగ్రామర్లు, నమ్మదగని కోడును కట్టడి చేయడానికి ఉద్దేశించిన సెక్యూరిటీ మేనేజర్‌ను ఆశ్రయించారు. ఎగ్జిట్‌కు అనుమతి నిరాకరించి, దాని స్థానంలో ఎక్సెప్షన్‌ను, అంటే పైనున్న కోడు పట్టుకోగల లోప సూచనను, పుట్టించేలా దానిని మలిచారు. పైథాన్‌లో ఇంత శ్రమ అక్కరలేదు, ఎందుకంటే అక్కడ సిస్ ఎగ్జిట్ స్వభావరీత్యానే సిస్టమ్‌ఎగ్జిట్ అనే ఎక్సెప్షన్‌ను పుట్టిస్తుంది.

2008లో వెలువడిన గూగుల్ టెస్ట్ సి++ కోసం మళ్ళీ యూనిక్స్ దారి పట్టింది. దాని 'డెత్ టెస్ట్' పిల్ల ప్రాసెస్‌లో కోడును నడిపి, ముగింపు సంకేతాన్నీ లోప సందేశాన్నీ సరిచూస్తుంది. అయితే ఫోర్క్ తనను పిలిచిన థ్రెడ్‌ను, అంటే ఒక్క అమలు పాయను, మాత్రమే నకలు చేస్తుంది కనుక, అనేక థ్రెడ్లున్న ప్రోగ్రాముల కోసం పరీక్షా ప్రోగ్రామునే కొత్తగా ఆరంభించే మరో పద్ధతిని కూడా చేర్చారు.

సెక్యూరిటీ మేనేజర్‌ను తొలగించే ఉద్దేశాన్ని 2021లో జావా 17 ప్రకటించగా, 2025 మార్చిలో వచ్చిన జావా 24 ఆ మేనేజర్‌ను శాశ్వతంగా నిలిపివేసింది. దానిపై ఆధారపడిన పరీక్షలకు ఇక వేరే ప్రాసెస్ కావాలి, లేదా కోడునే మార్చాలి: లోపలి ఫంక్షన్లు సంకేతాన్ని విలువగా తిరిగి ఇచ్చేలా చేసి, ఎగ్జిట్‌ను ప్రోగ్రాము మొదలయ్యే 'మెయిన్' ఫంక్షన్‌లోని ఒక్క పంక్తికే పరిమితం చేయాలి. ఈ రెండవ మార్గమే మేలైనది, ఎందుకంటే పరీక్ష అవసరం లేని చోట కూడా అలా రాసిన కోడును మరో ప్రోగ్రాము నిశ్చింతగా పిలుచుకోగలదు.