మందు: ఒక మాట చరిత్ర

అత్తిముగం, శూలగిరి, బేరికె, బాగలూరు ప్రాంతాలలో తెలుగు, కన్నడం, తమిళం మూడు భాషలూ పక్కపక్క ఇళ్లలోనే వినబడతాయి. జ్వరం వచ్చిన బిడ్డకు తెలుగు తల్లి ‘మందు’ పోస్తుంది. కన్నడ తల్లి పోసేది ‘మద్దు’, తమిళ తల్లి పోసేది ‘మరుందు’. వినడానికి మూడు మాటలుగా తోచినా, మూలంలో ఇవి ఒకే మాట. పాత కన్నడంలో ‘మర్దు’ అనేవారు. నడుమనున్న రేఫ కన్నడంలో పక్క అక్షరంతో కలిసిపోయి ‘మద్దు’ అయినది. తెలుగులో అది జారిపోయి ‘మందు’ మిగిలినది. తమిళులు ‘విరుందు’ అనేదానిని మనం ‘విందు’ అంటున్నాము. మార్పు అక్కడా ఇదే. విందూ మందూ మూడు నాళ్లకే అని తమిళులకొక సామెత గలదు. చుట్టమైనా మందైనా అంతకు మించి ఉండరాదని దాని భావం.

తిరుక్కురళ్‌లో 95వ అధికారానికి ‘మరుందు’ అనే పేరు. పేరు చూసి మూలికల పట్టిక ఉంటుందనుకుంటే పొరపాటే. తిన్నది అరిగిన పిమ్మట మితంగా తినేవానికి మందుతోనే పని లేదని అందులోని బోధ.

మందుకు తోడుగా తెలుగువారు ‘మాకు’ను చేర్చి ‘మందుమాకులు’ అంటారు. మాకు అనగా మ్రాకు, అంటే చెట్టు. వైద్యమంటే ఆకు, వేరు, బెరడు అయిన కాలాన్ని ఈ జంటపదం నేటికీ దాచి ఉంచినది. సంస్కృతంలోని ‘ఔషధం’ కూడా ‘ఓషధి’ నుండి పుట్టినదే. పండు పండగానే ఎండిపోయే మొక్కను అమరసింహుడు ఓషధి అన్నాడు. ఆ లెక్కన హోసూరు చేలలో పండే రాగి కూడా ఓషధియే! ఇక ‘మాత్ర’ అంటే మొదట కొలత. ఛందస్సు నేర్చే పిల్లలకు లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. కొలిచి ఇచ్చేది గనుక వైద్యుని గుళికకూ ఆ పేరు వచ్చినది.

ఆంగ్లంలోని మెడిసిన్, రెమెడీ అనే రెండు మాటలకూ నయం చేయుట అనే అర్థంగల ఒకే లాటిన్ ధాతువు మూలం. క్యూర్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి మొదటి అర్థం శ్రద్ధ, చింత. మన ‘చికిత్స’లో ఉన్నదీ ఎరుకకు, గమనింపుకు సంబంధించిన ధాతువే. రోగిని పట్టించుకొనుటయే వైద్యానికి ఆరంభమని రెండు దూరదేశాల వారూ వేర్వేరుగా గ్రహించినట్లున్నది.

ప్రాణం నిలిపే మాటకు ప్రాణం తీసే అర్థం వచ్చిన కథ ఇంతకన్నా విచిత్రమైనది. తుపాకిలో దట్టించే పొడిని కూడా మనం మందు అనే అంటాము. మందు, గుండు కలిసి ‘మందుగుండు’. ధాన్యం దాచే నేలగొయ్యికి పాతర అని పేరు, దానికి మందు చేరి ‘మందుపాతర’. తమిళ మలయాళాలలో ‘వెడి’ చేర్చి చెబుతారు. కన్నడ దేశపు కోటలలో ఆ పొడిని దాచిన గదికి ‘మద్దిన మనె’ అని పేరు. ఈ వరుస దక్షిణాదికే పరిమితం కాదు. చీనా భాషలో ఆ పొడి పేరుకు అక్షరార్థం ‘అగ్ని ఔషధం’. కారణం సులభం. అందులో నూటికి సుమారు డెబ్బైఐదు పాళ్లు సురేకారం, మిగిలినది బొగ్గు, గంధకం. గంధకం గజ్జికి పూత, సురేకారం మూత్రం జారీ కావడానికి వాడే సరకు. చీనాలో సుమారు 9వ శతాబ్దంలో దీర్ఘాయువునిచ్చే రసాయనాల కోసం వెదికినవారి చేతిలోనే ఈ పొడి పుట్టినది. వైద్యుని పెట్టెలోని వస్తువులకు వైద్యుని మాటే అంటుకొన్నది.

ఆ రెండవ అర్థాన్ని ఈ ప్రాంతం కళ్లారా చూసినది. 1791 జూలైలో హోసూరు, రాయకోట ఆంగ్లేయుల వశమైనాయి. అదే సంవత్సరం నవంబరు 7వ తేదీ రాత్రి మాక్స్‌వెల్ సేన కృష్ణగిరి కొండకోటపై దాడి చేసి, కోట పట్టలేక వెనుదిరిగినది. టిప్పు సైనికులు ఇనుప గొట్టాలలో మందు కూరి విసిరిన రాకెట్లు తరువాత ఐరోపా దేశాలకు పాఠమైనాయి.

‘మందు పెట్టడం’ అనే నానుడిలో మరొక నీడ ఉన్నది. అన్నంలో ఏదో కలిపి మనిషిని వశపరచుకొన్నారనే అనుమానం అది. ఆ అనుమానం ఎన్ని ఇళ్లలో కోడళ్ల మీదికి పోయినదో! గ్రీకుల ‘ఫార్మకాన్’ కూడా ఔషధమూ విషమూ అయిన మాటే. ఫార్మసీ అనే పేరు దాని నుండియే వచ్చినది.

ఇక సారాయి సంగతి. పారసీకం నుండి వచ్చిన ‘దారూ’కు మందు అని అర్థం. ఉత్తరాదిలో అది తుపాకి పొడికీ, పిమ్మట మద్యానికీ పేరైనది. తెలుగు ‘మందు’ కూడా ఆ మెట్లన్నీ దిగినది. మన పొరుగువారు ఈ మాటను ఆ పనికి వాడలేదు గాని, మరుగు మాత్రం వారికీ కావలసి వచ్చినది. తమిళుడు దానిని ‘తణ్ణి’ అంటాడు, అంటే నీరు. కన్నడిగుడు ‘ఎణ్ణె’ అంటాడు, అంటే నూనె. ఒకే వీధిలో మూడు భాషలలో మూడు ముసుగులు. వీటిలో మన ముసుగే మిక్కిలి మోసకరమైనది, అది నయం చేస్తానని కూడా చెబుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతుల ప్రేరణతో ఉద్యమించినప్పుడు సారాను సారా అనే పిలిచారు. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలైనది.

ఈ మాటకు అందరికన్నా చివర చేరిన అర్థం పురుగుమందు. ‘మా నాయన మందు తాగినాడు’ అని తెలుగు పిల్లవాడు నోటుపుస్తకంలో వ్రాస్తే, ఆ తండ్రి జబ్బు నుండి కోలుకొంటున్నాడో, తూలుతున్నాడో, ఆసుపత్రిలో ప్రాణాలతో పోరాడుతున్నాడో వాక్యాన్ని బట్టి తెలియదు. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. పిల్లవాని ముఖం చూసి తెలుసుకోవలసినదే.

1968 నాటి కీటకనాశినుల చట్టం, 1971 నాటి నిబంధనల ప్రకారం డబ్బా మీద రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అత్యంత విషం, పసుపు తీవ్ర విషం, నీలం మధ్యమం, ఆకుపచ్చ స్వల్పం. ఎర్రగుర్తు దానిపై పుర్రె, ఎముకల బొమ్మ, ‘విషం’ అనే మాట కూడా అచ్చు వేయాలి. ఆ డబ్బా ఇంటికి చేరిన పిమ్మట దగ్గుమందు సీసా పక్కన, అదే అల్మారాలో, అదే పేరుతో ఉంటుంది.