గీత అడుగు దాకా

కారు మీద సన్నటి గీత పడితే మేం దాన్ని దేనితోనో పూడ్చేస్తామని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. గీత అంటే రంగులో పడిన గాడి. ఆ గాడి అంచుల మీద వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి అది తెల్లగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న రంగును గాడి అడుగు దాకా అరగదీస్తే అంచులు పోతాయి, వెలుతురు సమంగా తిరిగొస్తుంది, గీత కనబడదు. అంటే గీత తీసిన ప్రతిసారీ కారు కొంత రంగు పోగొట్టుకుంటుంది. విజయవాడ ఆటోనగర్ పెయింటింగ్ షెడ్లలోనే నా వయసంతా గడిచింది. పైన ఎంత రంగుంది, అందులో ఎంత అరగదీయవచ్చు అన్న లెక్క చుట్టూనే మా పని చరిత్రంతా నడిచిందని నేను నమ్ముతాను.

మొదటి కార్లకు రంగు వేసింది గుర్రపు బగ్గీలకు రంగు వేసిన పనివాళ్లే. అవిసెనూనె రంగులు, వార్నిష్, కుంచెలు, అవే పద్ధతులు. ఒక పూత వేసి ఆరనివ్వడం, మెత్తటి ప్యూమిస్ రాతిపొడిని తడి ఉన్ని ఫెల్టు ముక్కకు అద్ది నున్నగా రుద్దడం, మళ్లీ పూత, మళ్లీ రుద్దడం. చివరికి ఇంకా సన్నటి రాతిపొడితో మెరుగు. ఇలా ఒక్క బండి తయారవడానికి వారాలు పట్టేది. ఫ్యాక్టరీలో ఆరుతున్న బండ్లను నిలబెట్టడానికే షెడ్లకు షెడ్లు కావాల్సి వచ్చేవి. ఇంతా చేస్తే ఆ వార్నిష్ ఎండకు పసుపెక్కేది, పగుళ్లిచ్చేది. గుర్రపుశాలలో లేచే అమ్మోనియా ఘాటుకు కూడా పాడయ్యేది. అందుకే శ్రద్ధున్న యజమాని ఏటా బండిని పెయింటర్ దగ్గరకు పంపి, పైపూత రుద్దించి కొత్త వార్నిష్ వేయించుకునేవాడు. గీతలన్నీ ఆ దెబ్బతో పోయేవి.

హెన్రీ ఫోర్డ్ ఈ ఆలస్యాన్ని నల్లరంగుతో దాటాడు. తారులాంటి ఖనిజంతో చేసిన నల్ల ఎనామెల్‌ను కొలిమిలో కాలిస్తే త్వరగా గట్టిపడేది. 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ కార్లు నల్లరంగులోనే వచ్చాయి. ఇతర రంగులు కోరుకున్నవాళ్లకు మాత్రం ఆ వారాల నిరీక్షణ తప్పలేదు.

దాన్ని తప్పించిన రంగు తుపాకిమందు చేసే కంపెనీ నుంచి వచ్చింది. పత్తిని నత్రికామ్లంతో కలిపితే నైట్రోసెల్యులోజ్ అవుతుంది. పేలుడు మందుకూ, అప్పటి సినిమా ఫిల్ముకూ అదే ముడిసరుకు. దాన్ని లక్కరుగా వాడటం అప్పటికే తెలుసు. చిక్కల్లా ఏమిటంటే, అది పల్చగా పారాలంటే ద్రావణంలో సరుకు చాలా తక్కువుండాలి. అలాంటి ద్రావణాన్ని ఎన్నిసార్లు కొట్టినా కారుకు సరిపడా మందం రాదు, రంగుపొడీ పట్టదు. 1920 జులైలో ఆ తుపాకిమందు కంపెనీ డ్యూపాంట్ ప్రయోగశాలలో సోడియం అసిటేట్ కలిసిన ఒక ద్రావణం అనుకోకుండా బాగా పల్చబడింది. సరుకు ఎక్కువున్నా పారేంత పల్చన. అక్కడివాళ్లు అది దేనికి పనికొస్తుందో పోల్చుకున్నారు. జనరల్ మోటార్స్ పరిశోధన అధిపతి చార్లెస్ కెటరింగ్ బృందం వాళ్లతో కలిసి దాన్ని కారుకు తగ్గట్టు తీర్చిదిద్దింది. 1923లో, 1924 మోడల్‌గా, ఓక్లాండ్ కారు 'ట్రూ బ్లూ' అన్న నీలిరంగుతో బయటికొచ్చింది. ఆ రంగు పేరు డ్యూకో. మా షెడ్లలో పెద్దవాళ్లు 'డ్యూకో కొట్టడం' అనేవాళ్లు. ఇప్పటికీ చెక్క సామాను పాలిష్ చేసేవాళ్ల నోట ఆ మాట వినిపిస్తుంది.

డ్యూకో గొప్పతనం అది ఆరే తీరులో ఉంది. అందులో థిన్నర్ ఎగిరిపోవడమే ఆరడం. నూనె రంగులాగా గాలిలో రసాయన మార్పు కోసం రోజుల తరబడి కాచుకుని కూర్చోనక్కరలేదు. నిమిషాల్లో దుమ్ము పట్టని స్థితికొస్తుంది. పైగా ఆరాక కూడా థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది కాబట్టి, ఒక మూల టచప్ చేస్తే కొత్త రంగు పాతదానిలోకి కరిగి కలిసిపోతుంది. అయితే స్ప్రే గన్‌తో కొట్టగానే మెరుపు రాదు. మసకగా, కాస్త గరుకుగా ఆరుతుంది. మెరుపు రావాలంటే రబ్బింగ్ కాంపౌండ్ అనే అరగదీసే ముద్దతో రుద్దాలి. ఇది చాలా ముఖ్యమైన విషయం, చాలామంది గుర్తించనిది. డ్యూకో లాంటి సెల్యులోజ్ రంగుల కాలంలో కారును పూర్తిచేసే పనీ, ఆ తర్వాత గీత తీసే పనీ ఒకటే. అదే కాంపౌండ్, అదే చేతి కదలిక. రుద్దుడుకు కొంత రంగు పోతుందని తెలుసు కాబట్టి పెయింటర్ ముందే నాలుగు కోట్లు ఎక్కువ వేసేవాడు. గీతలకు కావలసిన నిల్వ రంగులోనే ఉండేది.

ఈ పనికి కావలసిన సరంజామా కూడా ఆ కొద్ది ఏళ్లలోనే పుట్టింది. పొడి ఎమరీ కాగితంతో కారు రుద్దితే సీసం కలిసిన రంగుపొడి గాల్లోకి లేచి పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఫిలడెల్ఫియాలో సిరా తయారుచేసే ఫ్రాన్సిస్ ఓకీ అనే ఆయన నీళ్లలో తడిపినా చెడని కాగితం కనిపెట్టాడు. ఆయన రాతిపొడి నమూనాలు పంపమని ఉత్తరం రాయడంతో 3ఎం కంపెనీకి ఆ సంగతి తెలిసి, ఆ హక్కులు తీసుకుని 1921లో అమ్మకానికి తెచ్చింది. మేం వాటర్ పేపర్ అనేది అదే. నీళ్లు పోస్తూ రుద్దితే పొడి లేవదు, కాగితం త్వరగా పూడుకుపోదు. రంగు కొట్టేవాళ్ల ఆయుష్షు నిలబెట్టిన వస్తువుల్లో దాన్ని ముందు చెప్పాలి. ఆ కాగితం నమూనాలు పట్టుకుని షెడ్లకు వెళ్లిన 3ఎం కుర్రవాడు రిచర్డ్ డ్రూ, రెండు రంగుల కారు చేస్తున్న పెయింటర్లు అతికించిన కాగితం ఊడదీస్తే కొత్త రంగు కూడా ఊడివస్తోందని తిట్టుకోవడం చూశాడు. 1925కల్లా మాస్కింగ్ టేపు వచ్చింది. గీత తీసేముందు బానెట్ అంచులకు మేం వేసే టేపు అదే. అంచుల మీద రంగు ఎప్పుడూ పల్చగానే నిలుస్తుంది, రుద్దుడు తగిలితే ముందు లోహం బయటపడేది అక్కడే.

మైనం సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రెజిల్ ఈశాన్యంలో పెరిగే కర్నాబా తాటిజాతి చెట్టు ఆకుల మీద గట్టి మైనం ఉంటుంది. కారు పాలిష్ డబ్బాల్లో అది చిరకాలంగా ఉంది. అది గీతను తీయదు. గాడిలో నిండి వెలుతురు చెదరకుండా ఆపుతుంది, కడుగుతూ పోతే పోతుంది. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే గీత పోయినట్టు కనిపించడానికీ కారణం అదే, రెండు రోజుల్లో మళ్లీ తేలుతుంది.

నేను పని నేర్చుకున్నప్పుడు షెడ్లోకి వచ్చేవి అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు. కొత్త కారు బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి కాబట్టి ఉన్నదానికే మళ్లీ మళ్లీ రంగు వేయించుకునేవాళ్లు. మా మేస్త్రి పుట్టీ, సర్ఫేసర్, వాటర్ పేపర్ అయ్యాక సెల్యులోజ్ కోట్లు కొట్టి, కారును ఒక రాత్రి అలా వదిలేసేవాడు. తెల్లారాక కాంపౌండ్ పని మాది. తడి కాటన్ వేస్టుతో భుజాలు పడిపోయేదాకా రుద్దేవాళ్లం. గుడ్డకు కారు రంగే అంటుకునేది. ఎరుపైతే ఎరుపు, నీలమైతే నీలం. "అంచు మీద చెయ్యి తేలిగ్గా వెయ్యరా, అక్కడ రంగు లేదు" అని మేస్త్రి పక్కనుంచి వెళ్తూ అనేవాడు. వానాకాలంలో కృష్ణ ఒడ్డు ఊళ్లో ఇంకో కష్టం ఉండేది. థిన్నర్ ఎగిరిపోతూ లోహాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఆ చల్లదనానికి రంగు మీద పేరుకుని, పూత తెల్లగా మబ్బేసినట్టు అయ్యేది. జడివాన రోజున మేస్త్రి గన్ ముట్టేవాడు కాదు. తప్పనిసరైతే నెమ్మదిగా ఎగిరే థిన్నర్ కలిపేవాడు.

అప్పటికే అమెరికాలో చాలా కంపెనీలు ఎనామెల్‌కు మారాయి. అది గన్ నుంచే మెరుస్తూ దిగుతుంది, రుద్దక్కరలేదు. రుద్దుడు అక్కరలేదంటే అదనపు కోట్లూ అక్కరలేదు. ఫ్యాక్టరీకి లాభం. రిపేరు చేసేవాడికి మాత్రం నష్టం, ఎందుకంటే గట్టిపడ్డ ఎనామెల్ థిన్నర్‌కు కరగదు, టచప్ అంచు కనిపిస్తూనే ఉంటుంది. జనరల్ మోటార్స్ లక్కరును వదలకుండా 1950ల చివర్లో ఆక్రిలిక్ లక్కరుకు మారింది. నాకు ఆ పట్టుదల నచ్చుతుంది.

తర్వాత వచ్చిన మార్పు మా పని తీరునే మార్చింది. అల్యూమినియం రేణువులున్న మెటాలిక్ రంగులు అందంగా ఉంటాయి, కానీ వాటిని నేరుగా రుద్దితే రేణువులు తెగి నల్లబడతాయి. అందుకని రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోటు వేయడం మొదలైంది, 1980ల నుంచి అదే రివాజు అయింది. ఫ్యాక్టరీలో దాన్ని 140 డిగ్రీల దగ్గరలో కాలుస్తారు. గట్టిగా ఉంటుంది, కానీ మందం 40, 50 మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం కూడా లేదు. మెషీన్‌తో ఒకసారి కాంపౌండ్ చేస్తే అందులో రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు, 2000 నంబరు పేపరు వేస్తే ఇంకా ఎక్కువ. ఎండను అడ్డుకునే రసాయనాలు కూడా ఆ కోటులోనే ఉంటాయి. దాన్ని మరీ పల్చన చేస్తే కొన్నేళ్లకు బానెట్ మీద పొట్టు లేస్తుంది. 2005లో నిస్సాన్ కొంచెం సాగే గుణమున్న పైపూతను తెచ్చింది. వెచ్చదనానికి చిన్న గీతలు వాటంతటవే సర్దుకుంటాయి. ఒక్క మైక్రాన్ కూడా పోగొట్టకుండా గీత పోయే ఏర్పాటు అది. అలాంటి పూత అన్ని కార్లకూ ఉండాలని కోరుకుంటాను.

ఇప్పుడు షెడ్లోకి వచ్చే గీతల్లో ఎక్కువభాగం తెల్లవారుజామున పొడిగుడ్డతో దుమ్ము దులపడం వల్ల పడ్డవే. మన రోడ్ల దుమ్ములో ఇసుక ఉంటుంది. ముందు నీళ్లు పోసి ఆ ఇసుకను జారనివ్వాలి, తర్వాతే గుడ్డ. కొత్త కుర్రాళ్లు రాగానే మెషీన్ పట్టుకోబోతారు. నేను వాళ్ల చేతికి ముందు మందం కొలిచే మీటరిస్తాను, బానెట్ మీద పదిచోట్ల కొలిపిస్తాను. తర్వాత గీతకు అడ్డంగా గోరు నడపమంటాను. గోరు తట్టుకుంటే ఆ గీత చాలావరకు క్లియర్ దాటి లోపలికి వెళ్లినట్టే. దాని కోసం రుద్దకుండా, కాంపౌండ్‌తో అంచులు మాత్రం మెత్తబరిచి, కనబడే తీవ్రత తగ్గించి ఆపేయమంటాను. తట్టుకోకపోతే మెత్తటి ఫోమ్ ప్యాడ్, తక్కువ స్పీడు, ప్యానెల్ వేడెక్కకుండా చేత్తో చూసుకుంటూ. తెల్లగుడ్డకు రంగు అంటుకుంటోందా అని ప్రతి చుట్టుకూ చూడమంటాను. సెల్యులోజ్ కారుకైతే అంటుకోవాలి. క్లియర్ కోటు కారుకు అంటుకుందంటే మెషీన్ అక్కడే ఆపి, యజమానిని పిలిచి ఆ ప్యానెల్‌కు మళ్లీ రంగు వేయాలని చెప్పాలి.