నొప్పికి ముందే నోటిలో ఆనవాళ్లు

సంగారెడ్డి: పంటి నొప్పి భరించరానంతగా ముదిరితే తప్ప దంత వైద్యుడి వద్దకు వెళ్లే అలవాటు చాలామందికి లేదు. అయితే నోటిలో తలెత్తే ప్రమాదకరమైన మార్పుల్లో అనేకం తొలిదశలో నొప్పి కలిగించవు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి పారిశ్రామికవాడల్లో పనిచేసే కార్మికులకు మరో చిక్కు ఉంది. పళ్లపై కనిపించే మార్పు తిండి వల్ల వచ్చిందా, తాగునీటి వల్లా, చేస్తున్న పని వల్లా అన్నది తేలితేనే చికిత్స ఫలిస్తుంది.

ఈ ప్రాంతంలో 1970వ దశకం నుంచి ఔషధ, రసాయన, లోహ పరిశ్రమలు విస్తరించాయి. ఇక్కడి కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతాన్ని తీవ్ర కలుషిత ప్రాంతాల జాబితాలో చేర్చింది. కాలుష్యం మాట వస్తే ఊపిరితిత్తులు, చర్మం గుర్తుకొస్తాయి. కానీ గాలిలోని ఆమ్లపు ఆవిరి ముందుగా తాకే అవయవాల్లో పళ్లూ ఉన్నాయి.

ఆమ్లంతో అరిగే పళ్లు

శరీరంలో అన్నిటికంటే గట్టిది పంటిపై ఉండే ఎనామిల్ పొర. ఆమ్లం తగిలితే అదీ కరుగుతుంది. బ్యాటరీల తయారీ, లోహాలకు పూత వేయడం, ఇనుమును ఆమ్లంతో శుభ్రపరచడం వంటి పనుల్లో సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల ఆవిరి వెలువడుతుంది. పెదవుల మాటున లేని ముందుపళ్ల అంచులు దీనివల్ల పలచబడి, గాజులా మారి, క్రమంగా పొట్టివవుతాయి. చల్లనివి, పుల్లనివి తింటే జివ్వుమంటాయి. పిప్పి పన్ను ఇలా ఉండదు. అది మొదట సుద్దలాంటి తెల్లమచ్చగా మొదలై, గోధుమ రంగుకు, నలుపుకు మారి చివరకు గుంట పడుతుంది.

ఆమ్లపు ఆవిరి మధ్య పనిచేసేవారు సరైన శ్వాసరక్షణ పరికరం ధరించాలి. పని ముగియగానే మంచినీటితో నోరు పుక్కిలించాలి. ఆమ్లానికి మెత్తబడిన పొర రాపిడికి అరిగిపోతుంది కాబట్టి వెంటనే బ్రష్ చేయరాదు. కనీసం అరగంట ఆగాలి.

మరకలన్నీ ఒకటి కావు

ఎదురెదురు పళ్లపై జతలుగా, అడ్డంగా తెల్లని లేదా గోధుమ రంగు చారలుంటే ఫ్లోరోసిస్‌గా అనుమానించాలి. మన దేశంలో దీనిని 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. అనంతరం నల్లగొండ జిల్లా పేరు దీనితో ముడిపడింది. పళ్లు ఏర్పడే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, ఫ్లోరైడ్ అధికంగా ఉన్న నీరు తాగితేనే ఈ చారలు వస్తాయి. తోమితే పోవు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ తొలగిపోదు. బోరు నీరు తాగే కుటుంబాలు నీటి పరీక్ష చేయించుకోవాలి.

పొగాకు, టీ మరకలు మాత్రం పైపైనే ఉంటాయి. దంత వైద్యులు శుభ్రపరిస్తే చాలావరకు తొలగుతాయి.

చిగుళ్లు చెప్పే సంగతి

ఆరోగ్యకరమైన చిగురు గట్టిగా ఉంటుంది, తోమినప్పుడు రక్తం కారదు. రక్తం కారడం, వాపు, నోటి దుర్వాసన, పళ్లు కదలడం చిగుళ్ల వ్యాధికి గుర్తులు. చిగుళ్లపై తరచూ చీముగడ్డలు వస్తుంటే మధుమేహ పరీక్ష చేయించుకోవడం మంచిది.

సీసంతో పనిచేసేవారి చిగుళ్ల అంచున సన్నని నీలి-నలుపు గీత కనిపిస్తే రక్తపరీక్ష అవసరం. పాదరసం శరీరంలో చేరితే చిగుళ్లు వాచి, లాలాజలం అతిగా ఊరుతుంది. సీసం, పాదరసం, భాస్వరం వల్ల కలిగే విషప్రభావాలను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో చేర్చింది. వాటిని యాజమాన్యమూ వైద్యుడూ అధికారులకు విధిగా తెలియజేయాలని నిర్దేశించింది. ఇలాంటి జాబితా 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ ఉంది.

రెండు వారాలే గడువు

గుట్కా, ఖైనీ, వక్కపొడి నమిలేవారిలో బుగ్గల లోపలి పొర తెల్లబారి బిగుసుకుపోతుంది. కారం తగిలితే మంట పుడుతుంది. తన మూడు వేళ్లను నిలువుగా పేర్చి పళ్ల నడుమ పెట్టుకోలేకపోతే నోరు తెరుచుకోవడం తగ్గినట్లే. ఇది క్యాన్సర్‌కు దారితీయగల స్థితి. పొగాకు లేకున్నా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది.

తుడిచినా పోని తెల్లమచ్చ, మెత్తని ఎర్రమచ్చ, గట్టిపడిన గడ్డ, కారణం లేకుండా నాలుక లేదా పెదవి తిమ్మిరెక్కడం, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే తప్పక చూపించుకోవాలి. నొప్పి లేదన్నది ధీమా కారాదు. జ్వరంతోపాటు దవడ కింద వాపు వచ్చి, మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే గంటలు కూడా ఆగకుండా ఆసుపత్రికి చేరాలి.

నెలకోసారి వెలుతురులో అద్దం ముందు పెదవుల లోపలి భాగం, బుగ్గలు, నాలుక అంచులు, నాలుక కింద, అంగిలి వరుసగా పరిశీలించుకోవాలి.

వైద్యం ఎక్కడ?

సంగారెడ్డిలో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, సమీపంలోని ఫసల్‌వాదిలో ఎంఎన్‌ఆర్ దంత వైద్య కళాశాల ఉన్నాయి. ఈఎస్ఐ కార్డున్న కార్మికులకు రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. క్యాన్సర్ అనుమానం ఉన్నవారిని హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి పంపుతారు. ఎక్కడికి వెళ్లినా ఏ విభాగంలో, ఏ రసాయనంతో, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నదీ వైద్యుడికి చెప్పాలి. ఆ వివరం లేకుంటే ఆమ్లానికి అరిగిన పన్నుకు పూత వేసి పంపినా, మర్నాడు డ్యూటీలో అదే ఆవిరి మళ్లీ తగులుతుంది.