నూరుసార్లు అచ్చొత్తినా చౌకకాని పల్లె

మూలానికున్న విలువ ప్రతికి ఉండదని మనం సాధారణంగా అనుకుంటాము. లక్ష్మా గౌడ్ గారి అచ్చుచిత్రాలు ఆ మాటను నిలువనీయవు.

1940లో నాటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో జన్మించిన ఆయన, హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, 1960లలో బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద శిష్యరికం చేశారు. అక్కడ పట్టుబడిన విద్య ఎచింగ్. లోహఫలకానికి మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీత మేరకే లోహం కరుగుతుంది. ఆ గాడిలో సిరా నింపి తడికాగితంపై అదిమితే బొమ్మ కుడియెడమలై దిగుతుంది. ప్రతి ముద్రకూ సిరా మళ్ళీ చేతితోనే పూయాలి, తుడవాలి. ఇన్నే అని నియమించుకొని, అంకె వేసి, సంతకం చేస్తారు. కనుక పది ప్రతులుంటే పదీ మూలాలే.

ఆ ఫలకాలపై ఆయన గీసినది తన పల్లెనే: మేకలు, ముక్కుపుడకల స్త్రీలు, తలపాగాల పురుషులు. మనిషి, మేక, చెట్టు ఒకదానిలో ఒకటి కలిసిపోయే కొంటెతనం వాటి ప్రాణం. నాగరికులు కప్పిపుచ్చే కామాన్ని పల్లె దాచుకోలేదని అవి నవ్వుతూ చెబుతాయి.

అనంతరం ఆయన గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో, సరోజినీ నాయుడు స్కూలులో ఆచార్యులయ్యారు. 1998లో, అక్కడికి అనతిదూరంలోనే సైబర్ టవర్స్ వెలసింది. 2016లో ఆయనను పద్మశ్రీ వరించింది.

ఒక్క మీటతో వేయి ప్రతులు పుట్టే ఆ సౌధాలలో, ఊరిపేరు చెప్పడానికి సంకోచించే మన పిల్లలెందరో! తెలుగు చెప్పిన పంతులుగా నా కోరిక ఒక్కటే: వారు ఒకసారి ఆ బొమ్మల ముందు నిలవాలి. ఎన్నిమార్లు అచ్చొత్తినా నిజాంపూర్ చౌక కాలేదు.