జీరో టు హండ్రెడ్ ఎన్ని సెకన్లు? ఆ నంబర్ కథ, మన రోడ్డు లెక్క

పోయిన వారం సూర్యాపేట నుంచి ఒక తమ్ముడు నాకో వీడియో పంపాడు. కారు స్పీడోమీటర్ ముందు ఫోన్ పెట్టి తీశాడు. "అన్నా, హైవే మీద 0-100 పదిన్నర సెకన్లలో కొట్టిన. కంపెనీ వాళ్లు పన్నెండు అని చెప్పిర్రు. నా బండే ఫాస్ట్ కదా?" అని అడిగాడు.

లేదు తమ్ముడూ. బండి ఫాస్ట్ కాదు, మీటర్ కొంచెం ఎక్కువ చూపించి ఉంటుంది. అదెలాగో చెప్పే ముందు, అసలు ఈ నంబర్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1946లో, అమెరికాలో టామ్ మెకాహిల్ అనే ఆయన మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికలో కార్ల టెస్టులు రాయడం మొదలుపెట్టాడు. ఆగి ఉన్న కారు గంటకు 60 మైళ్లు అందుకోడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చెప్పే పద్ధతి ఆయన వల్లే పాపులర్ అయింది. 60 మైళ్లంటే మన లెక్కలో 96.5 కిలోమీటర్లు. కిలోమీటర్లు వాడే దేశాలు దాన్ని గుండుగా 100 చేసుకున్నాయి. అంటే ఈ నంబర్ వెనక పెద్ద సైన్స్ ఏమీ లేదు. గుర్తుండే అంకె కాబట్టి నిలబడిపోయింది.

మొదట్లో టెస్ట్ చేయడానికి స్టాప్‌వాచ్ ఉండేది. తర్వాత కారు వెనక సైకిల్ చక్రంలాంటిది కట్టి వేగం కొలిచేవాళ్లు. దాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. కారు మీటర్‌ని నమ్మలేం కాబట్టే అదనంగా ఒక చక్రం. ఇప్పుడు టెస్టర్లు వీబాక్స్‌లాంటి జీపీఎస్ పరికరాలు వాడుతున్నారు. అవి సెకనుకు పది, ఇరవై, వంద సార్లు వేగం రికార్డు చేస్తాయి. మన ఫోన్ జీపీఎస్ మామూలుగా సెకనుకు ఒక్కసారే అప్‌డేట్ అవుతుంది. కాబట్టి ఫోన్ యాప్‌లో వచ్చిన పాయింట్ల తేడాల కోసం కొట్లాడుకోవద్దు.

ఇక మీటర్ సంగతి. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో 39వ నంబర్ రూల్ ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించొచ్చు, పది శాతం ప్లస్ 4 కిలోమీటర్ల దాకా. మీటర్ 100 అన్నప్పుడు కారు నిజంగా 94లో ఉందనుకోండి. పన్నెండు సెకన్ల కారుకి ఆ చివరి 6 కిలోమీటర్ల వేగం అందుకోడానికే దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. తమ్ముడి పదిన్నరకీ కంపెనీ పన్నెండుకీ ఉన్న తేడా సరిగ్గా అంతే!

కంపెనీ నంబర్లలోనూ కిటుకులుంటాయి. అమెరికా డ్రాగ్ స్ట్రిప్‌లలో, ముందు చక్రం లైట్ బీమ్ దాటాకే టైమర్ మొదలవుతుంది. అంటే కారు సుమారు ఒక అడుగు కదిలిపోయాక. దీన్ని రోలౌట్ అంటారు. దాంతో సెకనులో మూడో వంతు దాకా తగ్గుతుంది. 2021లో టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్‌కి చెప్పిన 1.99 సెకన్లు రోలౌట్ తీసేసిన లెక్కే. మోటార్ ట్రెండ్ పత్రిక టెస్టులో జిగురు పూసిన డ్రాగ్ స్ట్రిప్ మీద 1.98 వచ్చింది. మామూలు తారు మీద అదే కారుకి 2.07.

సరే, మన ఊళ్లకి వద్దాం. హైదరాబాద్-విజయవాడ రోడ్డు ఇప్పుడు ఎన్‌హెచ్ 65, పాత నంబర్ 9. నాలుగు లేన్లు అయ్యాక సూర్యాపేట, కోదాడ మీదుగా పోయేవాళ్లకి ఎదురుగా బండి వస్తుందన్న భయం పోయింది. కానీ కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే ఎన్‌హెచ్ 167 ఎక్కితే కథ మారుతుంది. చాలాచోట్ల డివైడర్ ఉండదు. రైస్ మిల్లులకి పోయే వడ్ల లారీల వెనకే నడపాలి.

రెండేళ్ల కింద ఆ రోడ్డు మీద నేనే తప్పు చేశా. జాబ్ వచ్చాక కొన్న కారు, బ్రోచర్‌లోని సెకన్లు నాకు నోటికొచ్చు. వెనక సీట్లో అమ్మ, అక్క, బావ, డిక్కీ నిండా పెళ్లి సామాను, ఏసీ ఆన్. నాలుగో గేర్‌లోనే ఉండి లారీని దాటబోయా. కారు ముందుకి పోవట్లే. ఎదురుగా బస్సు. బావ "ఎన్కకు తియ్, ఎన్కకు తియ్!" అని అరిచాడు. బ్రేక్ కొట్టి మళ్లీ లారీ వెనకే దూరా. మిర్యాలగూడ దాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చి లెక్క వేశా. లారీ వేగం 50. దాన్ని దాటి సేఫ్‌గా లేన్‌లోకి రావాలంటే లారీ కంటే సుమారు 35 మీటర్లు ఎక్కువ పోవాలి. సరైన గేర్‌లో నేనొక్కణ్నే ఉంటే సుమారు 7 సెకన్లు. నలుగురూ సామానూ కలిసి మూడు వందల కిలోల పైన ఎక్కితే 8. ఒక్క సెకనే కదా? ఆ సెకనులో నా కారు 14 మీటర్లు, ఎదురుగా 60లో వచ్చే బస్సు 17 మీటర్లు. అంటే ఇంకో 30 మీటర్ల ఖాళీ రోడ్డు కావాలి. గేర్ తప్పితే ఇంకా ఎక్కువ.

అందుకే కారు కొనేటప్పుడు 0-100 కంటే వేరే నంబర్లు చూడండి. ఆటోకార్ ఇండియాలాంటి పత్రికలు మూడో గేర్‌లో 20-80, నాలుగో గేర్‌లో 40-100 టైమ్‌లు ఇస్తాయి. ఓవర్‌టేక్‌కి పనికొచ్చేవి అవే. టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే పోకండి, ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని ఏసీ వేసి నడపండి.

తమ్ముడూ, ఇంకోసారి హైవే మీద అలాంటి వీడియో తీయకు. ఆ పరీక్షలకి ట్రాక్‌లున్నాయి. మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో 11.3 కిలోమీటర్ల నాట్రాక్స్ ట్రాక్ 2021లో మొదలైంది. మన రోడ్డు మీద లారీ వెనక ఉన్నప్పుడు డౌట్ వస్తే ఆగిపో. మిర్యాలగూడకి పది నిమిషాలు లేటవుతుంది, అంతే.

ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.