కట్టించినోళ్లు, కట్టినోళ్లు: మేకన్ కౌంటీ కథ



పాత కట్టడాలను కాపాడే చట్టాలతో మనకేం పని, కోటలూ గుళ్లూ వాటిని కట్టించినోళ్లవే కదా అని పోయిన భాగం చదివి కొందరు విద్యార్థులు అడిగారు. ఆ "కట్టించినోళ్లు" అన్న మాట దగ్గరే ఆగండి. కట్టించినోళ్లు వేరు, కట్టినోళ్లు వేరు. కాపాడాల్సిన వాటి జాబితా రాసేటప్పుడు ఈ తేడా ఎలా పనిచేస్తుందో చూడటానికి అమెరికాలో ఒక పల్లెటూరి జిల్లాకి పోదాం.

అలబామా రాష్ట్రంలో మేకన్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే గానీ జనం మన మండలమంత కూడా ఉండరు. 2020 జనాభా లెక్కల్లో సుమారు 19,500 మంది. అయిదుగురిలో నలుగురు నల్లవాళ్లు. బానిసల చెమటతో పత్తి పండిన నేల. కేంద్ర పట్టణం టస్కీగీ.

అమెరికాలో 1966 అక్టోబర్‌లో చారిత్రక కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కిందే నేషనల్ రిజిస్టర్ నడుస్తుంది. ఇళ్లు, చర్చిలు, బడులు, ఒక్కోసారి వీధికి వీధే "హిస్టారిక్ డిస్ట్రిక్ట్" పేరుతో అందులోకి ఎక్కుతాయి. ఎక్కినంత మాత్రాన కట్టడం బతికిపోయినట్టు కాదు. సొంతదారు తన డబ్బుతో కూల్చుకుంటానంటే రిజిస్టర్ ఆపలేదు. అయినా ఎక్కడం ముఖ్యమే. గ్రాంట్లు, పన్ను రాయితీలు, పటంలో ఒక గుర్తు, బడిపిల్లల విహారయాత్ర, అన్నీ దాని వెంటే వస్తాయి.

మేకన్ కౌంటీ జాబితాలో గ్రే కాలమ్స్ అనే బంగళా ఉంది. 1850ల్లో విలియం వార్నర్ అనే బానిసల యజమాని కట్టించుకున్నది. పెద్ద పెద్ద స్తంభాలు, వెడల్పాటి వరండాలు. ఇలాంటి బంగళాలు అమెరికా దక్షిణాది జాబితాల నిండా కనిపిస్తాయి. కాకపోతే దీని సంగతి కొంచెం వేరు. ఇవాళ అది టస్కీగీ విశ్వవిద్యాలయ అధ్యక్షుడి నివాసం. నల్లవాళ్లను పొలాల్లో తోలిన దొర ఇంట్లో నల్లవాళ్ల విశ్వవిద్యాలయం పెద్ద కాపురముంటున్నారు. ఈ మాట చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఆ విశ్వవిద్యాలయం 1881 జులై 4న మొదలైంది. దాన్ని రప్పించినవాళ్లలో ముఖ్యుడు లూయిస్ ఆడమ్స్, ఒకప్పుడు బానిస, రేకు పనివాడు. రాష్ట్రం ఏడాదికి 2,000 డాలర్లు ఇస్తానంది. అవి పంతుళ్ల జీతాలకే. స్థలం లేదు, భవనం లేదు. బుకర్ టి. వాషింగ్టన్ పాఠాలు మొదలుపెట్టింది నల్లవాళ్ల చర్చి పక్కన ఒక కొట్టంలో. అది కురిసేది. వాన వస్తే ఒక విద్యార్థి లేచి గురువు నెత్తిన గొడుగు పట్టేవాడని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ కొట్టం ఏ రిజిస్టర్‌లోనూ లేదు. చెక్కలూ రేకులూ అన్నాళ్లు నిలవవు కదా.

నిలిచింది ఇటుక. ఆ ఇటుక కాల్చింది విద్యార్థులు. మొదటి బట్టీ చెడింది, రెండోది చెడింది, మూడోది కూలిపోయింది. చేతిలో పైసా లేదు. వాషింగ్టన్ తన గడియారం తాకట్టు పెట్టి 15 డాలర్లు తెచ్చి నాలుగో బట్టీ పెట్టాడు. అది నిలబడింది. ఆ ఇటుకలతో విద్యార్థులే గోడలు లేపారు. 20 ఏళ్లకి అక్కడ చిన్నా పెద్దా 40 భవనాలుంటే నాలుగు తప్ప అన్నీ దాదాపు విద్యార్థుల చేతిపనే. నమూనాలు గీసినవాడు రాబర్ట్ టేలర్. ఎంఐటీలో చదువు పూర్తిచేసిన మొదటి నల్లజాతి విద్యార్థి, 1892లో. వాషింగ్టన్ రాజకీయాలతో నాకు పేచీ ఉంది. చేతిపని నేర్చుకుందాం, హక్కుల సంగతి తర్వాత చూద్దాం అన్న ఆయన ధోరణిని డూబాయిస్ 1903లోనే ఉతికి ఆరేశాడు. కానీ ఆ గోడల గురించి మాట్లాడేటప్పుడు బట్టీ దగ్గర చేతులు కాల్చుకున్న పిల్లల్ని మర్చిపోకూడదు. 1974లో అమెరికా పార్లమెంటు ఈ ప్రాంగణాన్ని నేషనల్ హిస్టారిక్ సైట్ చేసింది.

ఇక అదే కౌంటీలో నోటసల్గా అనే చిన్న ఊరు. అక్కడి షైలో బాప్టిస్ట్ చర్చి, పక్కనే రోజెన్‌వాల్డ్ బడి. జూలియస్ రోజెన్‌వాల్డ్ సియర్స్ కంపెనీ అధినేత. 1912లో వాషింగ్టన్‌తో కలిసి టస్కీగీ చుట్టుపక్కల ఆరు బడులతో మొదలుపెట్టాడు. 1932 నాటికి దక్షిణాది 15 రాష్ట్రాల్లో బడులు, పంతుళ్ల ఇళ్లు, వర్క్‌షాపులు కలిపి 5,357 కట్టడాలు లేచాయి. కరెంటు లేని ఊళ్లు కాబట్టి వెలుతురు బాగా పడేలా వరసగా పెద్ద పెద్ద కిటికీలు పెట్టేవాళ్లు. పేరు దాతది. లెక్క చూడండి: రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది సుమారు 43 లక్షల డాలర్లు, నల్లజాతి కౌలురైతులు, కూలీలు, వంటమనుషులు చందాలేసి ఇచ్చింది సుమారు 47 లక్షలు. పైగా వాళ్లు పన్నులూ కడుతున్నారు. ఆ పన్నుల్లో ఎక్కువ భాగం తెల్లపిల్లల బడులకే పోయేది. అంటే ఒక బడి కోసం రెండుసార్లు చెల్లించారు.

షైలోకి ఇంకో చరిత్ర ఉంది. 1932లో అమెరికా ప్రజారోగ్య శాఖ డాక్టర్లు మేకన్ కౌంటీకి వచ్చి "చెడు రక్తానికి" ఉచిత వైద్యం అన్నారు. 600 మంది నల్లజాతి మగవాళ్లను చేర్చుకున్నారు. 399 మందికి సిఫిలిస్ ఉంది. ఆ సంగతి వాళ్లకి చెప్పలేదు, మందూ ఇవ్వలేదు. 1940ల్లో పెన్సిలిన్ మామూలు మందయ్యాక కూడా ఇవ్వలేదు. చచ్చేదాకా చూస్తూ రాసుకున్నారు, 40 ఏళ్లు. 1972లో పత్రికల్లో బయటపడితే గానీ ఆగలేదు. ఆ మగవాళ్లలో కొందరిని రప్పించిన చోటు ఈ షైలో. అందులో కొందరు అక్కడి శ్మశానంలోనే పడుకుని ఉన్నారు.

రిజిస్టర్ నియమాల ప్రకారం మామూలుగా చర్చిలకూ శ్మశానాలకూ చోటు లేదు, ప్రత్యేక ప్రాధాన్యం రుజువు చేయాలి. కట్టడం పాత రూపంలోనే ఉండాలి. డబ్బున్నోడి బంగళా రూపు చెడదు. పేదోడు కిటికీ విరిగితే రేకు కొడతాడు, అప్పుడు "అసలు రూపం పోయింది" అంటారు. అయినా షైలో జనం వదల్లేదు. ఊరివాళ్లే పూనుకుని బడిని బాగుచేయించారు. చర్చీ బడీ రెండూ రిజిస్టర్‌కి ఎక్కాయి. తాతలు చందాలేసి కట్టారు, మనవలు వెంటపడి నిలబెట్టారు.

మళ్లీ టస్కీగీ పట్టణం నడిబొడ్డుకి రండి. కోర్టు ముందు చౌక్, మధ్యలో బానిసత్వం కోసం యుద్ధం చేసిన కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహం. 1906లో కౌంటీ పాలకులు ఆ స్థలాన్ని తెల్ల మహిళల సంఘం యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీకి రాసిచ్చారు, తెల్లవాళ్ల పార్కుగా. 1957లో రాష్ట్ర శాసనసభ ఇదే పట్టణం హద్దును 28 మూలలుగా కత్తిరించి, 400 మంది నల్ల ఓటర్లలో నలుగురైదుగురిని తప్ప అందర్నీ ఊరి బయటికి నెట్టింది. 1960లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1966 జనవరి 3న శామీ యంగ్ అనే 21 ఏళ్ల విద్యార్థిని పెట్రోల్ బంకు దగ్గర కాల్చి చంపారు. తెల్లవాళ్ల టాయిలెట్ వాడబోవడం అతని నేరం. అక్టోబర్‌లో పరిరక్షణ చట్టం వచ్చింది. డిసెంబర్‌లో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ హంతకుణ్ణి వదిలేసింది. ఆ రాత్రి విద్యార్థులు చౌక్‌కి వెళ్లి విగ్రహం ముఖానికి నల్లరంగు పూశారు, వీపు మీద పసుపు చార గీశారు, పిరికిపంద అని.

2017లో అలబామా ఇంకో చట్టం చేసింది. ప్రభుత్వ స్థలాల్లో 40 ఏళ్లు దాటిన స్మారకాలను తొలగిస్తే 25,000 డాలర్ల జరిమానా. టస్కీగీ విగ్రహానికి పాత దస్తావేజు ఎలాగూ ఉంది. 2021లో ఆ పట్టణానికి మొదటి నల్లజాతి మేయరైన జానీ ఫోర్డ్ లిఫ్ట్ ఎక్కి రంపంతో విగ్రహం కాలు కోయబోయాడు. షెరీఫ్ వచ్చి ఆపాడు. బడికి దొరికింది రిజిస్టర్‌లో చోటు, విగ్రహానికి దొరికింది దస్తావేజు.

మన దగ్గర 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం పురాతన కట్టడం కావాలంటే కనీసం 100 ఏళ్లు ఉండాలి. చుండూరు అమరులను ఊరి మధ్యలో పాతిపెట్టి మనవాళ్లు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నది 1991లో. ఆ లెక్కన 2091 దాకా ఆగాలి.

మీ పేటలో పాత హాస్టలో, చర్చో, చందాలేసుకుని కట్టిన బడో ఉంటే ఫొటో తీయండి. ఏ ఏడాది కట్టారు, ఎవరు రాళ్లు మోశారు, స్థలం ఎవరి పేరున ఉంది, పెద్దవాళ్లనడిగి రాసి పంపండి. వచ్చే భాగంలో ఆ 28 మూలల కేసు చెబుతాను.

జై భీమ్.